నాన్న చివర చెప్పే మాట

అక్కా, అందరం కులాసా. నువ్వు కంగారుపడకు, ఆ పని నేను చేస్తున్నాను.

నాన్న రిటైరైన రోజున వైన్ కంపెనీవాళ్ళు ఇచ్చిన రెడ్ వైన్ సీసా ఆదివారం తీశాం. మొదటి గుక్క ఉత్త వగరు. "ఇంకా నిద్ర లేవలేదు, గాలి తగలనివ్వండి" అన్నారు నాన్న. గంటకి నిజంగానే విచ్చుకుంది. మన పద్ధతి తెలుసుగా, చిన్నవాళ్ళు ముందు చెప్పాలి, ఆయన చివర. నేను వాన పడ్డ మట్టి వాసనన్నాను, మీ మరిది నేరేడుపండు అన్నారు. నాన్న "రెండూ ఉన్నాయి" అన్నారు. ఎందుకో అనుమానమొచ్చి, రెండో గ్లాసుకి "ఈసారి మీరే ముందు, నాన్నా" అన్నాను. చాలాసేపు గ్లాసులో ముక్కు పెట్టి, "జలుబు చేసిందే" అన్నారు. తుమ్మూ లేదు, దగ్గూ లేదు. ముప్పై ఏళ్ళు వైన్ వాసన చూడటమే ఉద్యోగమైన మనిషి!

పగలంతా గ్యాసు పొయ్యితో ఒక్కరే ఉంటారు, అదీ నా భయం. మీ ఇంట్లో ఉన్న నెల్లో పాలు మాడితే ఆయనకి తెలిసిందా? లేక నేనే లేనిపోనిది ఊహిస్తున్నానా?

నా నీలం స్వెట్టరు అక్కడే ఉండిపోయింది, పంపు. బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

జవాబు మాత్రం కార్డు మీద రాయకు, కవరులో పెట్టి అంటించు. వైన్ దగ్గరే ఆయన చివర, ఇంటికొచ్చిన ఉత్తరం ముందు చదివేది ఆయనే.

నీ చెల్లి