గ్రీకు రాణి ఏ మండలం?

'మొగులు' పత్రిక సంపాదకులు సుధాకర్ గారికి సిద్దిపేట చేనేత కార్మికుల తరఫున కార్యదర్శి హరికిషన్ నమస్కరించి రాయునది.

ఈ నెల మీరు అచ్చేసిన కవిత చదివాను. "పగలు నేసిన చీర పొద్దుగూకంగ విప్పుతున్నా, వాకిట కూసున్నోడు లేవనే లేవడు" అని ఉంది. కింద పేరు 'ఒక గొల్లభామ'. కుండలెత్తుకున్న గొల్లభామల బొమ్మలతో గొల్లభామ చీరలు నేసేది మావాళ్లే కదా. విప్పుతున్నదెవరో వెంటనే తెలుపగలరు.

ఇట్లు,
హరికిషన్

తా.క. కవిత బాగుంది. మా ఆవిడ రెండుసార్లు చదివి నావైపు చూసింది.

*

హరికిషన్ గారికి,

కవితలో 'నేను' అంటే రాసిన మనిషి కాదండీ! అది గ్రీకు పురాణం. పెనెలోపి అనే రాణి మొగుడు యుద్ధానికి పోయి ఇరవై ఏళ్లు రాలేదు. పెళ్లాడతామని ఇంటిమీద పడ్డవాళ్లతో, బట్ట నేయడం అయ్యాక ఒకర్ని చేసుకుంటానని చెప్పి, పగలు నేసింది రాత్రి విప్పేది. మాట్లాడేది ఆ రాణి. కవిత్వం చదవడం ఒక విద్య.

భవదీయుడు,
సుధాకర్

తా.క. నాకు కాబోయే మామ రాజం గారి మగ్గం మీద మా పెండ్లి చీర ఉంది. అది దిగితే గాని ముహూర్తం పెట్టరట. నాలుగు నెలలైంది. కాస్త తొందరపెట్టండి.

*

సుధాకర్ గారికి నమస్కారాలు.

పెనెలోపి పేరు మా జాబితాలో లేదు. నంగునూరు, రాయపోల్, అక్కన్నపేటల్లో కూడా అడిగించాను. గ్రీకు ఏ మండలం కిందికి వస్తుందో మీరు రాయలేదు. మొగుడు ఇరవై ఏళ్లుగా లేడంటే ఒంటరి మహిళ పింఛను వస్తుంది. ఆధార్ పట్టుకుని రమ్మనండి.

హరికిషన్

తా.క. రేపు రాజం ఇంటికి పోతున్నా.

*

అయ్యా,

ఆ రాణి లేదు! చీరా లేదు! కవితలో మాట్లాడేది కల్పిత వ్యక్తి. సిద్దిపేటలో ఎవరూ ఏదీ విప్పడం లేదు.

సుధాకర్

తా.క. నా చీర ఎందాక వచ్చింది?

*

సుధాకర్ గారికి,

చూశాను. పొద్దున కొంగు మీద గొల్లభామలు ఏడుగురు. సాయంత్రం మళ్లీ పోతే ముగ్గురే. మిగతావాళ్లు కుండలతో సహా ఎటు పోయారని అడిగితే, మగ్గం ముందున్న మీ కాబోయే భార్య భువన నవ్వింది. నాకు అనుమానమొచ్చి మీ ఉత్తరాలు చూపించాను. క్షమించాలి.

"గా కవిత నాదే సార్. పిల్లను చూడొచ్చిన నాడు ఆయన మూడు గంటలు కవిత్వం చెప్పిండు. నన్నొక్క మాట అడగలే. గిట్లనన్న నా మాట వింటడని పత్రికకు పంపిన. చదివిండు, అచ్చేసిండు, ఇప్పుడేమో మాట్లాడేది ఎవరూ కాదంటుండు" అన్నది. ఆమె కళ్లలో నీళ్లు చూసి నాకు మీ మీద కోపమొచ్చింది.

హరికిషన్

తా.క. విప్పడం ఎప్పుడు ఆపుతావమ్మా అని అడిగాను. "కవితల మాట్లాడేదెవరో ఆయన్నే వచ్చి నన్ను అడగమను" అన్నది. తొందరగా పోండి. నేను చాయ్ తాగి లేచేసరికి ముగ్గురు ఇద్దరయ్యారు.