పానాకి కట్టిన వలదారం

తెనాలి, మంగళవారం

నాన్నకి,

నేను క్షేమం. నీ ఫోను సముద్రంలో పడిందని తెలిసి కార్డు రాస్తున్నాను. నా మొదటి పానాల సెట్టు ఎంచడానికి నేను పని నేర్చుకుంటున్న కార్ల షెడ్డు మేస్త్రి వీరబ్రహ్మంగారు కొట్టుకి తోడొచ్చారు. నూటెనిమిది సామాన్లున్న మెరిసే పెట్టె నేను పట్టుకుంటే పక్కన పెట్టించి, ఒక్కొక్క పానా అరచేతిలో తూచి ఎనిమిదే తీయించారు. ఇంజను అడుగున కనపడని నట్టు సైజు వేలితో తడిమి చెప్పే మనిషి ఆయన. చూసినప్పుడల్లా నాకు అబ్బురమే.

షెడ్డుకి రాగానే అలవాటుగా ఎనిమిదింటికీ వలదారం కట్టాను. "ఇదేంటమ్మా, ఇంజను ఫ్యానుకి చుట్టుకుంటే చెయ్యి పోద్ది" అన్నారాయన. పడవలో పానా జారితే సముద్రం పాలేనని, అందుకే నువ్వు దారం మణికట్టుకి కట్టుకుని ఇంజను విప్పుతావని చెప్పాను. ఆయన పానా తిప్పి ఆ ముడి చూశారు. "నేను నిలబడ్డ బండినే కదమ్మా విప్పేది. మీ నాన్నగారు ఊగే పడవలోనా" అన్నారు. ఇక్కడ ప్రమాదమే కనక దారాలన్నీ తీసేశాను. ఇన్నేళ్లూ నీ పక్కనే కూర్చుని చూసినా, అదెంత గొప్పో నాకు తట్టనే లేదు నాన్నా.

అమ్మ మోకాలు ఎలా ఉంది? ఎండుచేపలు పంపొద్దు, ఇంటి ఓనరు ఒప్పుకోడు. కొత్త ఫోనుకీ ఒక దారం కట్టు. ఇద్దరికీ దండాలు. నీ పాత పద్నాలుగు సైజు పానా పంపు, మేస్త్రిగారు చూడాలన్నారు. దారం విప్పకు.

నీ అనురాధ