డ్రమ్ములో మొలిచిన బ్రకోలీ

అలిగి వెళ్ళిన మా ఇంటావిడకి,

నువ్వు ఫోన్ ఎత్తవు కనక రాస్తున్నాను. "మొదలుపెట్టిన పని ఒక్కటి చివరిదాకా చేసి చూపించండి, అప్పుడొస్తా" అని మీ అక్కావాళ్ళింటికి బస్సెక్కి ఇవాళ్టికి డెబ్భై రోజులు. అది మన రిపేరు షాపులో కస్టమర్ల ముందు అన్నావు చూడు, ఇప్పటికీ గుచ్చుకుంటోంది. గుచ్చుకునేది నిజం కనకే. ఊళ్ళోవాళ్ళ మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేస్తాను, మనింటి వాషింగ్ మెషీన్ మాత్రం విప్పి ఏడాదిగా వరండాలో పడేశాను. నువ్వు చేత్తో ఉతుకుతూనే ఉన్నావు.

నువ్వు వెళ్ళిన మర్నాడే పంతం పట్టాను. వంటింటి అలమరలో నువ్వు కొనిపెట్టిన చైనా బ్రకోలీ విత్తనాల ప్యాకెట్ దొరికింది. మెషీన్ డ్రమ్ముకి ఎలాగూ చిల్లులున్నాయి కదా అని, దాన్ని పెరట్లో పెట్టి మట్టి నింపి చల్లాను. ఐదో రోజుకి మొలకలొచ్చాయి. ఒత్తుగా ఉన్నవి పీకేసి ఆరు మొక్కలు ఉంచాను. పురుగుల్ని చేత్తో ఏరాను. ఒక్క పూట కూడా నీళ్ళు మానలేదు, ఒట్టు.

కానీ ఎక్కడో తేడా కొట్టింది. ఆకు అరచేయంత, కాడ బొటనవేలంత లావు వచ్చాయి. కాలీఫ్లవర్‌లా గట్టిగా ముద్ద కట్టాలి కదా, అదే లేదు! చిటికెడు మొగ్గలు తొడిగి ఊరుకుంది. ఎరువు వేశాను. నీడకి జరిపాను, మళ్ళీ ఎండకి లాగాను. ఇప్పుడా మొగ్గలు విచ్చుకుని తెల్లటి చిన్న పూలయ్యాయి. ముద్ద కట్టాక చూపించి పిలుద్దామని ఇన్నాళ్ళూ ఉత్తరమైనా రాయలేదు. నర్సరీ ఆయన్ని అడగాలంటే నామోషీ. ఈ పని అయినట్టా, చెడినట్టా? నాకేం పాలుపోవడం లేదు. పాసో ఫెయిలో నువ్వే చెప్పు.

ఇట్లు,
నీ సగం పనుల మొగుడు

ఏమండీ,

మీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అది మామూలు బ్రకోలీ కాదు, ఆకుకూర రకం, ముద్ద కట్టదండీ. ఆ ఆకులూ కాడలే కూర. మొగ్గ తొడగ్గానే, పూలు విచ్చకముందే కోసుకోవాలి. ప్యాకెట్ వెనకే రాసి ఉంటుంది. ఏ కాగితం చదివారు గనక మీరు?

విత్తనాలు చల్లారని పక్కింటావిడ అప్పుడే ఫోన్‌లో చెప్పింది. అరవై రోజుల్లో కోతకొస్తుంది కదా అని రోజులు లెక్కపెట్టుకున్నాను. అరవయ్యో రోజు దాటాక కూడా మీ కబురు లేకపోతే, ఇదీ మధ్యలో వదిలేశారనుకున్నాను. ఆ కోపంలో, ఇక్కడి స్కూల్లో సోమవారం నించి వంటపనికి వస్తానని మాటిచ్చేశాను. చేతికొచ్చిన కూర ముందు కూర్చుని అది ఎప్పుడొస్తుందా అని మీరు ఎదురుచూస్తున్నారని నాకేం తెలుసు? మీ ఫోన్ ఒక్కసారి ఎత్తి ఉంటే తెలిసేది. నాదీ తప్పే.

ఇవాళ స్కూలుకెళ్ళి రానని చెప్పొచ్చాను. మొక్కలు పీకెయ్యకండి. కింద నాలుగైదు ఆకులు వదిలి పైకాడ కోస్తే, పక్కనించి పిలకలొస్తాయి. అవి నేను వండుతాను. శనివారం పొద్దుటి బస్సుకి వస్తున్నాను.

పాసయ్యారు. డ్రమ్ము ఇక పెరట్లోనే ఉండనివ్వండి. బట్టలు మీరు ఉతుకుదురుగాని.

మీ
ఇంటావిడ