కట్టి విప్పిన పావడ

అక్టోబర్ 3, శుక్రవారం

మళ్లీ ట్రస్టు సీజన్. మా అవ్వ పేరు మీద ఇంటివాళ్లు పెట్టిన ట్రస్టు. మా మిల్లులో పనిచేసేవాళ్ల ఆడపిల్లలకు దీపావళికి పావడ, జాకెట్టు. ఎమ్మెస్సీ చదివి ఊరికే ఉన్నాను కాబట్టి లిస్టు, ఫోటోలు, ఇన్‌స్టా పేజీ నా నెత్తిన. పోయినేడు ఫోటోలో పిల్లలు ప్యాకెట్లు పట్టుకుని రేషన్ క్యూలా ఉన్నారని గోమతి పెద్దమ్మ గంటసేపు సణిగింది. అయితే అక్కడే కట్టించి తీయండి అన్నాను, నోరు మూయించడానికి. నా మాట ఆమెకు నచ్చడం ఇరవై మూడేళ్లలో ఇదే మొదలు.

అక్టోబర్ 9

నా పట్టు జాకెట్టు బిగుతేమో చూద్దామని తీశాను. పెద్దమ్మ చేతిమీద కొట్టింది. తలకు పోసుకోకముందే కొత్తబట్ట ఒంటికి తాకిస్తావేమే, పండగనాడు పాతది కట్టుకుంటావా, కాలేజీలో ఇదే నేర్పినారా అని.

మరి ఆదివారం ఆ పిల్లలకు మనం చేయబోయేది అదే కదా అన్నాను. వాళ్లకి ఇదంతా యాడ పట్టిందే అంది.

అక్టోబర్ 12, ఆదివారం

కల్యాణ మండపం. అరవై మంది, ఒకే తాను బట్ట, ఒకే పచ్చరంగు. ఒక్క పిల్ల కట్టుకోనంది. అనుప్రియ, ఏడో క్లాసు. తల్లి వీరమ్మాళ్ సేత్తూరు నుంచి బస్సులో వచ్చి మా మిల్లులో నూలు చుట్టే పని, కోన్ వైండింగ్, చేస్తుంది.

పండగ తెల్లారి తలకు పోసుకుని కట్టుకుంటాను, ఈపొద్దే కట్టితే ఆపొద్దుకి పాతదైపోతుంది కదా అంది పిల్ల, మెల్లగానే. అచ్చం పెద్దమ్మ మాట. అందుకే ఆమెకు అంత మంట. ఈ పొట్టిది నాకే శాస్త్రం చెప్పవచ్చినాది, మిల్లు తాళం కూడా దీనికే ఇచ్చేస్తాములే అంది. మైకు ఆన్‌లోనే ఉంది. హాలంతా నవ్వింది.

పిల్ల ప్యాకెట్టు టేబుల్ మీద పెట్టి బస్టాపుకు వెళ్లిపోయింది. వీరమ్మాళ్ వెళ్లలేదు. మిల్లు మేనేజర్ చూస్తున్నాడు. టిఫిన్ ఆకులు ఎత్తుతూ ఉండిపోయింది.

వరసలో ఖాళీ. వీరమ్మాళ్ ఎదుటే ఆ పావడ మేనేజర్ కూతురికి కట్టించారు. క్లిక్ చేసింది నేను. ఆ తరువాత విప్పి మళ్లీ ప్యాకెట్లో పెట్టారు.

అక్టోబర్ 14

412 లైకులు. థూ.

అక్టోబర్ 17

ఆ పిల్ల ప్యాకెట్టు ఇమ్మంటే, పొగరుకి ప్రైజు ఇస్తారేమే అంది పెద్దమ్మ. ఆమె గుడికి పోగానే బీరువా తీశాను. ఇస్త్రీ చేసి, అట్టకు చుట్టి, గుండుసూదులు గుచ్చాను. ఎవరూ చెప్పకుండానే ఎంత నేర్పుగా చేశానో. స్కూటీ మీద సేత్తూరు.

ఆ ఇంట్లో వేరే కొత్తబట్ట లేదు. పిల్ల రెండు చేతులా అందుకుంది. దీన్ని ఎవురూ కట్టుకోలేదు కదక్కా అని అడిగింది. లేదన్నాను. ప్రమాణంగానా అంది. ప్రమాణంగా అన్నాను.

వీరమ్మాళ్ పొయ్యి దగ్గర నిలబడి నన్నే చూసింది. టీ ఇచ్చింది. తాగాను.

అక్టోబర్ 20, దీపావళి, ఉదయం 6.40

వీరమ్మాళ్ ఫోటో పంపింది. పిల్ల జుట్టు తడిగా ఉంది. పావడ అంచుకు పసుపు. నవ్వుతోంది.

కింద వాయిస్ నోట్, ఆరు సెకన్లు. దానికి నేను చెప్పలేదు పాపా, మీరూ చెప్పొద్దండి అని.