ఏడో వరుస వెనక తలుపు

ప్రియమైన చిట్టీ,

నీ మొదటి గోడౌన్ ఆడిట్ రిపోర్టు చదివాను. ఆరు పేజీలు. ఆరింటిలోనూ ఒక్క అట్టపెట్టె కనబడలేదు. "నిర్వహణ మొత్తంమీద సంతృప్తికరం" అట! ఎవరికి సంతృప్తి? ఎలకలకా? "కొన్నిచోట్ల మెరుగుదలకు అవకాశం కలదు" అని నీళ్లు నమిలావు. ఆ ముక్క మన వంటగది గురించి కూడా రాయొచ్చు, కాకపోతే మీ అమ్మ ఊరుకోదు.

ముప్పై ఏళ్లు ఇదే కంపెనీలో ఆడిట్ చేసి రిటైరైనవాణ్ణి చెప్తున్నాను, విను. ఏం చూశావు, ఏ వరుసలో చూశావు, ఎన్ని, ఎవరు ఎప్పటిలోగా సరిచేయాలి. అంతే రాయి. కంటితో చూడనిది, చేత్తో ముట్టనిది రాయకు. మళ్లీ వెళ్లు, ఈసారి టీ తాగడానికి కాదు.

నీ మేలు కోరి తిట్టే,
నాన్న

ప్రియమైన నాన్నకి,

నీ ఉత్తరం చదివి ఒక పూట నా రిపోర్టే మళ్లీ చదువుకున్నాను. రెండో పూట గోడౌన్‌కి వెళ్లాను. టీ ఇస్తామన్నారు, వద్దన్నాను.

ఏడో వరుస చివర, పెట్టెల వెనక ఒక బోర్డు సగం కనబడింది. పక్కనుంచి దూరి చూస్తే మంటలొస్తే బయటపడే తలుపు. దానికి అడ్డంగా నలభై రెండు పెట్టెలు. తాళం తుప్పు పట్టింది, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. లోపల పద్నాలుగు మంది ఆడవాళ్లు ప్యాకింగ్ చేస్తారు. వాళ్లకి ముందున్న షట్టరొక్కటే దారి.

మేనేజర్ని అడిగితే ఫైలు తెరిచాడు. "చూడమ్మా, ఏటా మీ ఆడిటర్లే రాశారు, వెనక తలుపు బాగా తెరుచుకుంటోందని. మీకొక్కరికే వచ్చిందా అనుమానం?" అన్నాడు. నా ఆరు పేజీల్లో నాలుగో పేజీ చూడు, పాత రిపోర్టులోంచి నేనూ అదే ఎక్కించాను. ఇలాంటి రాతలు మొదలుపెట్టినవాళ్లని ఏమనాలి నాన్నా?

నీ చిట్టి

ప్రియమైన చిట్టీ,

ఏమనాలా? గాడిదలంటే గాడిదలకి కోపమొస్తుంది, అవి మోసే బరువైనా నిజం. ఒకడు చూడకుండా రాయడం, మిగతా మంద దాన్ని ఎక్కించుకోవడం! నువ్వూ ఆ మందలో దూరావు, బయటికొచ్చావు కాబట్టి వదిలేస్తున్నాను. మొదట రాసిన మహానుభావుడెవడో పాత ఫైళ్లు తవ్వి పట్టుకో. వాడి పేరు రిపోర్టు మొదటి పేజీలో రాయి. దయ చూపించావో, నువ్వు నా కూతురివి కాదు.

నాన్న

ప్రియమైన నాన్నకి,

తవ్వాను. పదకొండేళ్ల కిందటి ఫైలు. ఆకుపచ్చ సిరా, సంతకం కింద రెండు గీతలు. నా ప్రోగ్రెస్ కార్డుల మీద ఏళ్ల తరబడి చూసిన సంతకం.

రిపోర్టు పూర్తయి నాలుగు రోజులైంది. నా సొరుగులో ఉంది. పేరు రాయాల్సిన చోట ఖాళీ వదిలాను. ఏం రాయమంటావు?

చిట్టి

ప్రియమైన ఆడిటర్ గారికి,

నా పేరే రాయండి. ఇంటిపేరుతో సహా.

ఆ రోజు జ్ఞాపకముంది. తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుంది, భోజనానికెళ్లాడు, పావుగంటలో వస్తాడన్నారు. నా బస్సుకి పది నిమిషాలే ఉంది. రాసేసి వచ్చేశాను. "శ్రద్ధాలోపం జరిగినట్లు తెలియుచున్నది" లాంటి ఊకదంపుడు వద్దు. "ఆయన ఆ తలుపు దగ్గరికే వెళ్లలేదు" అని రాయి. సిగ్గుగా ఉంది చిట్టీ. పోయిన ఉత్తరంలో తిట్టిన తిట్లన్నీ నావే, ఒక్కటీ వెనక్కి తీసుకోను.

కానీ నువ్వూ ఒక తప్పు చేశావు. నా పరువు నీ సొరుగులో భద్రంగా ఉన్న నాలుగు రోజులూ ఆ పద్నాలుగు మంది ఆ తాళానికి ఇవతలే పని చేశారు. నేను పావుగంట ఆగలేకపోయాను, నువ్వు నాలుగు రోజులు ఆగావు. ఈ ఉత్తరం మడిచిపెట్టి ఇప్పుడే వెళ్లు. పెట్టెలు తీయించు, తాళం పగలగొట్టించు. ఆ తలుపు తెరిచి, అవతల కాలు పెట్టి, అప్పుడు రాయి.

చూడకుండా సంతకం పెట్టిన,
నాన్న