పదకొండు రేకుల బాకా

ప్రియమైన చిట్టికి,

దొరికిందే తల్లీ. పేటెంటు కాగితాల్లో చూసి ఇన్నేళ్ళుగా నువ్వు వెతుకుతున్న ఫోనోగ్రాఫు పువ్వు బాకా, పాత సామాన్ల కొట్లో విరిగిన కుర్చీల కింద పడి ఉంది. రికార్డుల ఆఫీసులో డిజైను బొమ్మ చూసి గీసి పంపావే, దాని పక్కన పెట్టి చూశాను. అచ్చు గుద్దినట్టుంది. నా ఫోనోగ్రాఫుకి తగిలిస్తే ఖంగుమంది. ఇంకో ఇనప ముక్క ఇంట్లోకి తెస్తే నన్నే పాత సామాన్లవాడికి వేసేస్తానంది మీ వదిన. అందుకే నీకు పంపుతున్నా. నువ్వు రాస్తున్న పుస్తకంలో పెట్టుకో.

నీ బాకాల పిచ్చి అన్నయ్య

ప్రియమైన అన్నయ్యా,

పెట్టె విప్పి అక్కడే కూలబడి ఏడ్చాను. పేటెంటు ఉన్నంత మాత్రాన వస్తువు తయారైనట్టా అని అందరూ నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూశారు. ఇప్పుడు చూడమను. చివరి అధ్యాయం మొత్తం తిరగరాశాను. పుస్తకం నీకే అంకితం. బొమ్మనీ బాకానీ పక్కపక్కన అచ్చేద్దామంటున్నాడు ప్రచురణకర్త. నా గీతలు వంకరటింకరగా ఉన్నాయట. వెళ్ళి అసలు బొమ్మకే ఫోటో తీయిస్తాను.

ఆనందంతో, నీ చిట్టి

అన్నయ్యకి,

అసలు బొమ్మ ఇవాళ మళ్ళీ చూశాను. అందులో బాకాకి పన్నెండు రేకులున్నాయి. అప్పుడు గీసుకుంటూ నేనే ఒకటి వదిలేశాను. ఆ తప్పు బొమ్మ నీకు తప్ప ఎవరికీ పంపలేదు. ఇంటికొచ్చి నువ్వు పంపిన బాకా రేకులు లెక్కపెట్టాను. పదకొండే ఉన్నాయి. వందేళ్ళ కిందటి పనివాడికి నా తప్పు ఎలా తెలిసిందన్నయ్యా?

చిట్టి

ప్రియమైన చిట్టి తల్లికి,

నేనే చేశాను. పాత రేకు కత్తిరించి అతికించి, తుప్పు పట్టాలని పెరట్లో తడి మట్టిలో పూడ్చాను. ఆ రోజు సభలో నువ్వు ఈ బాకా గురించి మాట్లాడినప్పుడు వాళ్ళు నిన్ను చూసి నవ్వుతుంటే వెనక వరసలో కూర్చున్నాను. నీ కోసమే చేశానే. ఒక్క రేకు ఎవడు లెక్కపెడతాడు? ఆ ఫోటో మానేసి నీ బొమ్మే వేయించు. విషయం మనిద్దరి మధ్యే ఉంటుంది.

నీ మంచి కోరే అన్నయ్య

అన్నయ్యకి,

అచ్చు ఆపించాను. చివరి అధ్యాయం తీసేసి, ఈ బాకా తయారైనట్టు ఆధారం దొరకలేదని ఒక్క వాక్యం రాశాను. అంకితం పేజీ కూడా తీసేశాను.

వాళ్ళు నన్ను వెర్రిది అన్నారు. అంటే అన్నారు, వాళ్ళతో వాదించగలిగేదాన్ని. నువ్వు నన్ను దొంగని చేయబోయావు, పైగా అదంతా నా కోసమే అంటున్నావు. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే. అంతకంటే ఎక్కువ మండిందేమిటో చెప్పనా? ఆ బాకా ఎక్కడో ఉందని నువ్వు నమ్మి ఉంటే ఇంకా వెతికేవాడివి. చేసి పంపావంటే, లేదని నువ్వూ ఎప్పుడో తేల్చుకున్నావన్నమాట. వాళ్ళు నా మొహం మీదే నవ్వారు. నువ్వు మాత్రం నాతోపాటు వెతుకుతున్నట్టు నటించావు.

బాకా తిప్పి పంపుతున్నాను. ఇంకెవరూ నాలా మోసపోకుండా దాని మీద నీ పేరు చెక్కు. రేపు రికార్డుల ఆఫీసుకి మళ్ళీ వెళ్తున్నాను. ఏం దొరికినా నీకు రాయను.

చెల్లెలు