రంగు డబ్బాలో గ్లవ్స్

బాపూ,

ఎల్లుండి నీ సంవత్సరీకానికి ఊరికి వెళుతున్నాం. "గీ పసుపు ఎంటికలతోని బాపు ఫోటో ముంగట కూసుంటవా?" అని అమ్మ అడిగింది. అందుకే ఈ రోజు జుట్టుకు రంగు వేసుకున్నాను.

పోయినేడు నేను బ్లీచ్ చేయించుకొస్తే నువ్వు తిట్టలేదు. పాండేసరా మిల్లులో ఇరవై ఏళ్లు ఉత్త చేతులతో బట్టలకు రంగులేసినవాడివి కదా, ఇక్కడ వడోద్‌లో మన అద్దె గది గుమ్మం దగ్గర నా జుట్టులో ఒక పాయ పట్టుకుని వెలుతురులో చూశావు. "బ్లీచ్ గొట్టిన బట్ట లెక్కనే ఇది రంగును గబగబ తాగుతది బిడ్డా. ముందుగాల జరంతకు ఏసి చూడాలె. ఐతారం నేనే ఏస్త" అన్నావు. ఆ ఆదివారానికి నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు. ఊపిరితిత్తులు పూర్తిగా పాడయ్యాయని డాక్టర్ అన్నాడు.

నువ్వు చెప్పినట్టే చేశాను. రెండు రోజుల ముందే చెవి వెనక కొంచెం రాసి, మంట, దురద లేవని చూసుకున్నాను. ఈ రోజు ముందు ఒక్క పాయకే వేశాను. డబ్బా మీద అరగంట అని ఉంది గానీ పావుగంటకే రంగు పట్టేసింది. మిగతా జుట్టుకూ అంతసేపే ఉంచాను.

తల కడుక్కుని వచ్చాక అమ్మ నా చేతులు చూసింది. ఒక్క మరక లేదు. నీకు చివరి స్నానం చేయించినప్పుడు గోళ్లలో పట్టిన మిల్లు నీలం రంగు ఎంత తోమినా పోలేదు.

"గ్లవ్స్ ఏడ కొన్నవ్?"

"కొనలేదమ్మా. డబ్బాలనే ఇచ్చిన్రు."

అమ్మ ఆ గ్లవ్స్‌ను సబ్బుతో కడిగి, నువ్వు మిల్లు చొక్కా ఆరేసుకునే తాడు మీద ఆరేసింది.